ఆ ముడి నాది

ఇరవై రెండేళ్ళుగా మోస్తున్న మాట ఇది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. కిందటి ఏడాదే, యాభై దాటాక, చర్చి వరండాలో టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. అంతకుముందు ఏది రాయాలన్నా ఇంకొకరి చేత రాయించాలి. ఈ మాటను ఇంకొకరి చెవిన వేయడం నా వల్ల కాలేదు. నోటితో చెప్పేయవచ్చు కదా అంటారేమో. చాలాసార్లు మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆపేసి వేరే సంగతి ఎత్తుకునేదాన్ని.

మాది మైపాడు దిక్కున సముద్రం అంచున ఊరు. నా భర్త ముడులు వేయడంలో పేరున్న మనిషి. లావు మోకుకు సన్న తాడు జత చేయాలన్నా, ఎంత లాగినా బిగుసుకోని ఉచ్చు వేయాలన్నా ఆయన్నే పిలిచేవారు. పెళ్ళయిన కొత్తలో, వేటకు పోని రోజుల్లో, గడప దగ్గర నాకు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే నేర్పించాడు.

"గొడ్డుకేసే ముడి పడవకేస్తే పనికి రాదుమే. గొడ్డు మేత కాడ నిలబడద్ది. పడవ నిలబడదు," అనేవాడు.

గుంజ చుట్టూ రెండు చుట్లు, దాని మీద రెండు సగం ముడులు. పడవ కట్టే ముడి అది. ఆయన చేయి ఎటు పోతే నా చేయి అటు పోయేది. ఎదురెదురుగా కూర్చున్నాం కనుక, అద్దంలో చూసినట్టు, నా చుట్లు ఆయన చుట్లకు ఎదురు తిరిగేవి. ఆయన నవ్వి అలాగే వదిలేశాడు. ఆ వేళ్ళకు అంటుకున్న ఉప్పు, తాడు వాసన నాకు ఇప్పటికీ గుర్తే. చదువు అంటే ఏమిటో తెలియని నాకు అదే చదువు. కానీ మా వాళ్ళలో పడవ తాడు ఆడవాళ్ళు ముట్టకూడదు. నాకు వచ్చిన విద్య గడప దాటకూడదు.

అదే నాకు నచ్చలేదేమో. లేక ఆయన చేసే పని ఒక్కసారైనా నా చేత్తో చేయాలనిపించిందేమో. ఏది నిజం? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఒక మధ్యాహ్నం ఆయన మరిచిపోయిన అన్నం గిన్నె తేవడానికి పడవలు కట్టే ఉప్పుకాలువ దగ్గరకు వెళ్ళాను. అక్కడున్న పడవ మస్తానయ్యది. నా భర్త ఆయన దగ్గరే పనిచేసేవాడు. పాటుకు నీళ్ళు సముద్రంలోకి తీసేసి, పడవ బురదలో ఒరిగి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. గుంజకు నా భర్త వేసిన ముడి ఉంది. అక్కడి నుంచి పడవ దాకా తాడు వదులుగా బురదలో పడి ఉంది. నాకది పనితనం తక్కువైనట్టు కనిపించింది. విప్పాను. తాడంతా లాగి, బిగించి, నా ముడి వేశాను. తాడు తీగ లాగా బిగిసి నిలిచింది. ఎంత సంతోషమో! గిన్నె తీసుకుని ఇంటికి వచ్చేశాను.

గడపలో నేర్చుకున్నదాన్ని. పోటు సంగతి నాకేం తెలుసు? నీళ్ళు ఎక్కితే పడవ లేస్తుందనీ, లేవడానికే ఆ వదులు ఉంచారనీ తెలియదు. అది పున్నమి పోటు. సాయంత్రం పడవ లేచింది. తాడు లేవనివ్వలేదు. గుంజే పెకలి వచ్చేసింది. పడవ కాలువ నోట్లోంచి బయటికి పోయి అలల్లో పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు ముందు సగం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తాడుకు గుంజ అలాగే వేలాడుతోంది. ముడి చెక్కు చెదరలేదు. దాన్ని విప్పింది నా భర్తే.

ఇంటికొచ్చి అడిగాడు.

"నిన్న కాలవ కాడికి పోయినావామే?"

"నేనెందుకు పోతా మావా? చేపలు ఎండేసే కాడ్నే ఉండా."

"సరే." చేతుల బురద కడుక్కుంటూ మళ్ళీ అన్నాడు. "కట్టినోళ్ళెవరో గానీ, ముడి మటుకు బాగా ఏసినారు."

చుట్లు ఎటు తిరిగాయో ఆయన చూశాడు. ఆయనకు తెలుసు. ఎదురుగా నిలబడి నేను నోరు విప్పలేదు. ఊరు మాత్రం విప్పింది. "పోటుకు వదులు ఉంచనోడు రేపు ఇంటి దోవ కూడా మర్చిపోతాడబ్బా," అని నవ్వారు. మస్తానయ్య మళ్ళీ తాడు ఇవ్వలేదు. వేరే పడవ వాళ్ళూ పిలవలేదు. ఆరు నెలలు చూసి ఆయన విశాఖ హార్బర్‌కు పోయాడు. అప్పటి నుంచి ట్రాలర్ల మీదే.

ఎండాకాలం వేట ఆపినప్పుడు వస్తాడు. పది రోజులుంటాడు. కాలువ వైపు మాత్రం అడుగు పెట్టడు. బట్టలారేసే తాడు కూడా నన్నే కట్టమంటాడు. నేను కడుతుంటే అటు తిరిగి కూర్చుంటాడు. ఆయన బస్సెక్కాక ఆయన పడుకున్న మంచం మీద దుప్పటి చాలా రోజులు తీయను. ఆడదానికి తాడు పట్టడం నేర్పాడని ఆయన్ను చూసి ఇంకా నవ్వుతారు, అందుకే చెప్పలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాదంతా భయం. ఆయన మీద పడ్డ మాటను ఆయన మీదే ఉండనిచ్చాను. పక్కన ఉండాల్సిన మనిషిని నా అబద్ధంతోనే దూరం పంపుకున్నాను. నాకాయన కావాలి. ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

ఇంతవరకు నిన్న రాశాను.

ఈ ఉదయం కాగితాలు తీసుకుని కాలువకు వెళ్ళాను. మస్తానయ్య ముసలివాడయ్యాడు, వల బాగుచేసుకుంటున్నాడు. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను.

"ఏందిమ్మా? ఇనపళ్ళా. గట్టిగా చదువు," అన్నాడు.

లేచి నిలబడి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి మాట మార్చలేదు. "నా ముడి వేశాను" అన్నచోట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. చివరిదాకా చదివాను.

మస్తానయ్య వల పక్కన పెట్టాడు.

"మరి తెలిసి కూడా వాడెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు.

దానికి నేను ఏమీ రాసుకుని పోలేదు. కాగితాలు మడుచుకుని ఇంటికి వచ్చేశాను.