హెలెన్‌కి నిద్రపట్టించిన ప్రసంగం

హెలెన్ నిద్ర సంగతి తణుకు దగ్గర వాళ్ల ఊళ్లో తెలియనివాళ్లు లేరు. చర్చిలో పాస్టరు విజయ్ పాల్ గారు లేచి "ప్రియులారా" అన్నారో లేదో, రెండో వరసలో చాప మీద కూర్చున్న హెలెన్ తల వాలిపోయేది. పక్కనుంచి తల్లి సూరమ్మ తొడపాశం పెట్టేది. పాపం పాస్టరు గారు ఆ తలకేసి చూడలేక, గోడ గడియారాన్ని చూస్తూ ఇరవై ఏళ్లు ప్రసంగాలు చెప్పారు. లోపల మాత్రం చిన్నబుచ్చుకునేవారు.

అలాంటి హెలెన్‌కి నిద్ర కరువైంది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు హెలెన్ రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పన్నెండు గంటలు ప్లాస్టిక్ సూటులో ఉడికి, పొద్దున్నే డ్యూటీ దిగి లాడ్జి గదిలో పడుకుంటే రెప్ప వాలేది కాదు. చెవుల్లో ఆక్సిజన్ మిషన్ కూతే. కిటికీకి దుప్పటి కట్టింది, తలకి నూనె పట్టించింది, వేడిపాలు తాగింది. ఏం లాభం? ఐదో రోజు ఒకరికి ఎక్కించాల్సిన మందు పక్క మంచం ఆయనకి ఎక్కించబోయింది. తోటి నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది. గదికొచ్చి హెలెన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకోసారి అలా జరిగితే పోయేది ఒక నిండు ప్రాణం.

"అమ్మా, నిద్ర రావట్లేదే" అంది ఫోన్లో.

సూరమ్మ క్షణం ఆలోచించలేదు. "అయ్యగార్ని అడిగి ప్రసంగం పంపించమంటానుండు" అంది.

చర్చిలు మూసేసిన రోజులవి. హెలెన్ తనంతట తాను ప్రసంగం అడిగిందని వినగానే పాస్టరు గారు పొంగిపోయారు. మిరియాల పాలు తాగి గొంతు సవరించుకున్నారు. అటకమీది హార్మోనియం దింపారు. రెండు పాటలూ మూడు పిట్టకథలూ కలిపి గంటసేపు రికార్డు చేసి పంపారు. హెలెన్ కళ్లు పత్తికాయల్లా విప్పుకుని ఆసాంతం వింది. పిట్టకథలకి నవ్వింది కూడా. నిద్ర మాత్రం రాలేదు.

ఇక దాచి లాభం లేదని ఆయనకే ఫోన్ చేసింది.

"ప్రసంగం చాలా బాగుందండి అయ్యగారూ. అదేనండి చిక్కు. నాకు మామూలుగా ఆదివారం చెప్పేది కావాలండి. అది వింటేనే... నాకు నిద్రొస్తుందండి."

అవతల పెద్ద నవ్వు వినబడింది.

"ఇన్నేళ్లకి నా ప్రసంగం ఒకళ్లకి పనికొచ్చిందన్నమాట! ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకోమ్మా. ఇవాళ బైబిల్లో వంశావళి. ఎవరు ఎవర్ని కన్నారో మొదట్నించీ చదువుతాను."

"ప్రియులారా" అన్నారు. ఐదో పేరు దగ్గర గురక మొదలైంది. ఆపితే లేస్తుందేమోనని ఆయన గంటన్నర చదువుతూనే ఉన్నారు. ఆ తర్వాత నలభై రోజులు, పొద్దున్న తొమ్మిదింటికి ఆయనకదే పని. వంశావళి అయిపోతే సంఘ సభ్యుల జాబితా అందుకున్నారు. వార్డులో హెలెన్ చెయ్యి మళ్లీ తడబడలేదు.

చర్చి తలుపులు తీసిన ఆదివారం, ఇవాళైనా మేలుకుని వినాలని హెలెన్ రెండు కాఫీలు తాగి వచ్చింది. "ప్రియులారా" అన్నారు. తల వాలింది. సూరమ్మ వేళ్లు అలవాటుగా తొడ మీదికి పోయాయి.

"సూరమ్మా, పిల్లని లేపకు" అన్నారు పాస్టరు గారు. గడియారం వైపు చూడకుండా, వాలిన ఆ తలనే చూస్తూ, గొంతు తగ్గించి ప్రసంగం కొనసాగించారు.