ర్యాప్ వీడియోలో మన పలకల గని

పొద్దున ఫోన్లో ఓ ర్యాప్ వీడియో వచ్చింది. మార్కాపురం పలకల గనిలో తీశారు. అద్దె కారు, మెడలో లావు గొలుసు, వెనక చేతులూపే గుంపు. ఎక్కడివాడో, "ఈ దుమ్ములోనే పుట్టినా" అని గుండె బాదుకుంటున్నాడు. స్లో మోషన్‌లో, పలక దుమ్ములా కనబడాలని గుప్పెళ్లతో పౌడరు చల్లుతున్నారు.

గుర్తుందా, మన నాయనలు గని నుంచి రాగానే మనల్ని ముట్టుకునేవాళ్లు కాదు? వాకిట్లో నీళ్లు పోసుకుని, ఒంటి మీది పలక దుమ్ము పోయాకే దగ్గరికి తీసుకునేవాళ్లు. మా నాయన దగ్గి దగ్గి పోయాడు. ఆ దుమ్మే ఇప్పుడు వీళ్లకు సోకు!

"అంతా వేషాలేనమ్మా" అంటూ మా అమ్మకు చూపించాను.

అమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఆ పిల్లోళ్లను మూతికి గుడ్డ కట్టుకోమనురా. మీ నాయన ఎంత చెప్పినా ఇన్లేదు" అంది.