చొక్కా మీద ఉప్పు

నా చిన్నప్పటి బిలాస్‌పూర్‌ను తలుచుకుంటే నాకు ముందు నిద్ర ముంచుకొస్తుంది. వేసవి మధ్యాహ్నం, తలుపుకు కట్టిన తడి గోనెపట్టా, లోపల చల్లని చీకటి, దూరంగా యార్డులో ఇంజన్ల కూతలు. ఊరొదిలి అక్కడికి వలస వెళ్ళిన మా నాన్న రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆయన డ్యూటీకి వెళితే మా రెండు గదుల క్వార్టర్ మా మామ్మ రాజ్యం. నాన్నను కన్న తల్లి కదా, ఆవిడ మాటకు మా అమ్మ కూడా ఎదురు చెప్పేది కాదు.

అలాంటి ఒక వేసవిలో, ఇంకా నడక రాని మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మామ్మ వెంటనే పథ్యం మొదలుపెట్టింది. ఉప్పు లేని చప్పిడి గంజి నాలుగు చుక్కలు, నీళ్ళు మాత్రం బంద్. తాగిన నీళ్ళన్నీ మళ్ళీ కిందికే పోతాయని ఆవిడ నమ్మకం. మా క్వార్టర్లలో ఏ ఇంట్లోనైనా అప్పుడు అదే వైద్యం. తెల్లారేసరికి వాడి కళ్ళు లోపలికి పోయాయి. మాడు మీద మెత్తని చోట గుంట పడింది. ఏడుస్తున్నాడు గానీ కంట్లో చుక్క నీరు లేదు. కన్నీళ్ళు లేని ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడు ఇక ఉండడేమో అనుకున్నాను.

పక్క క్వార్టర్ అక్క రైల్వే ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆ ఏడుపు విని లోపలికి వచ్చింది. వాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే, అది ముడత పడి అలాగే ఉండిపోయింది. పల్చటి గంజిలో ఉప్పు వేసి పట్టాలంది. మామ్మ ఇంతెత్తున లేచింది.

"ఓలమ్మ, జబ్బు గుంటడికి ఉప్పేటి? ఈడు బతకాలా వద్దా?"

అక్క లేచింది. నాన్న విప్పేసి వెళ్ళిన ఖాకీ చొక్కాను దండెం మీంచి తీసి మామ్మ ఒళ్ళో పరిచింది. వీపంతా తెల్లటి చారలు.

"మామ్మా, ఈ తెల్లగున్నదేటి?"

"సెమట ఉప్పు. నాకు తెల్దేటి?"

"అచ్ఛా. మరి ఇంజన్ షెడ్డు నుంచొచ్చిన కొడుక్కి తరవాణి నీళ్ళలో ఉప్పెందుకేస్తావు?"

"ఎయ్యకపోతే ఆడికి కాళ్ళు పట్టేస్తాయి కదేటి. పోయినదంతా మళ్ళీ..." అంటూ మామ్మ ఆగిపోయింది.

"ఈడికీ అదే మామ్మా. నీళ్ళొక్కటే కాదు, ఉప్పూ పోతంది. పోయినంతా మళ్ళీ లోపలికెళ్ళాలి. గబగబా పోస్తే కక్కేస్తాడు. సెంచాతోటి, నీ సేత్తోనే పట్టు. సాయంత్రానికి తేరుకోకపోతే ఆసుపత్రికి ఎత్తుకుపోదాం."

మా ఇంట్లో గడియారం లేదు. యార్డులో కూత వినిపించినప్పుడల్లా ఒక చెంచా అని అక్క చెప్పింది. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. కూత వస్తుంది, మామ్మ చెయ్యి లేస్తుంది, చెంచా వాడి పెదాల మీదికి వంగుతుంది. మళ్ళీ కూత కోసం అందరం చెవులు రిక్కించి కూర్చుంటాం. మధ్యలో వాడు కక్కేస్తే, కాసేపు ఆగి మళ్ళీ పట్టమంది అక్క. నేను నిద్రలోకి జారిపోతూ, లేస్తూ ఉన్నాను. ఏది యార్డులో కూతో, ఏది కలలో కూతో తెలియలేదు. మామ్మ మాత్రం కునుకు తీయలేదు. కూత ఆలస్యమైతే, తన కొడుకూ వాళ్ళలో ఒకడన్నది మరిచిపోయి, ఇంజన్లవాళ్ళందరినీ తిట్టిపోసింది.

ఎండ వాలే వేళకు వాడు అమ్మ ఒళ్ళో ఉచ్చ పోసి గుడ్డ తడిపాడు. ఒంటికి నీళ్ళు పట్టాయని అక్క మొహం వెలిగింది. ఆ తర్వాత గుక్కపెట్టి ఏడ్చాడు. ఈసారి బుగ్గ మీదికి ఒక చుక్క జారింది. మామ్మ దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగుందే" అంటూ తనూ భోరుమంది.

ఈ వయసు వచ్చేసరికి ఎందరి దుఃఖం పక్కనో కూర్చున్నాను. ఎవరైనా ఏడుస్తుంటే ఊరుకోమనడం నాకు చేతకాదు. ఏడవనిస్తాను. అయ్యాక, ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసుడు చేతిలో పెట్టి, తాగేదాకా అక్కడే కూర్చుంటాను.