విసుగు పరీక్ష పెట్టిన మాస్టారు

జూన్ నెల, మొదటి శనివారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం నీళ్ల చప్పుడు. వాన పడుతోందనుకుని లేచాను. పటమటలో అప్పటికే ఎండ గోడలెక్కింది. మా మేడ మీది ట్యాంకు నిండి పొర్లి, నీళ్లు మెట్ల మీదుగా కిందికి వస్తున్నాయి. "మాస్టారు మోటారు ఆపడం మర్చిపోవడమేంటే?" అంటూ అమ్మ పైకి వెళ్లింది. ఆయన మర్చిపోలేదు. మోటారు వేసి వరండాలో కుర్చీలో కూర్చున్నారట. ఆయన భార్య, మా ఆంటీ, కాఫీ కలిపి తెచ్చేసరికే ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది. ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే పక్కన కూర్చుండిపోయింది.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండరు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మాది కింద వాటా, వాళ్లది పై వాటా. ఎండాకాలం వస్తే మాత్రం మా వీధిలో ఆయన పేరు గట్టిగా వినపడేది. పది పాసైన పిల్లలు, ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల వెనక నాన్నలు మా మెట్లెక్కేవాళ్లు. ఏ కోర్సు తీసుకోవాలి, ఎక్కడ చేరాలి అని అడగడానికి.

మాస్టారు వెంటనే ఏదీ చెప్పేవారు కాదు. "నువ్వు ఏం చదవాలనుకుంటున్నావో చెప్పమ్మా" అనేవారు. చెప్పాక, ఆ చదువులో అన్నిటికంటే విసుగు పుట్టించే పని ఏదో ఆలోచించి అది చేయమనేవారు. అదీ మధ్యాహ్నం భోజనం అయ్యాక, వడగాలి కొట్టే వేళ, ఆ వరండాలోనే. డాక్టరవుతానన్న అమ్మాయికి ఎముకల పేర్లు. కంప్యూటరన్న అబ్బాయికి పొడుగాటి లెక్కలు, ఒకే రకానివి, ఒకదాని కింద ఒకటి. వాళ్లు చేస్తుంటే ఆయన ఎదురుగా కూర్చుని దొండకాయలు తరుగుతూ ఉండేవారు. మొదలుపెట్టే ముందు క్షణం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఎవరి కోసమో ఎప్పుడూ చెప్పలేదు.

"ఇష్టమైన భాగం ఎవరైనా చదువుతారమ్మా. ఇష్టం లేని భాగం ఎలా చదువుతావో చూద్దాం" అనేది ఆయన మాట. కోర్సు అంటే పెళ్లి భోజనం కాదు, రోజూ తినే పప్పన్నం అని కూడా అనేవారు.

వీధిలో దానికి విసుగు పరీక్ష అని పేరు పడిపోయింది. పరీక్ష అనగానే మా ఊళ్లో నాన్నలు ఊరుకుంటారా? ఒకాయన కొడుకుని అట్ట, జామెట్రీ బాక్సు, మంచినీళ్ల సీసాతో సహా తయారుచేసి తెచ్చాడు. అయిపోయాక మెట్ల దగ్గర పట్టుకున్నాడు మాస్టారిని.

"మావాడికి ఎంతొచ్చిందండీ?"

"విసుగాండీ? బాగానే వచ్చింది."

"అది కాదండీ, ర్యాంకు."

"నిద్రలో అయితే ఫస్టు ర్యాంకేనండీ. కూర్చోగానే పడుకున్నాడు."

కిందనుంచి వింటున్న మా అమ్మ నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆ అబ్బాయి ఇప్పుడు కామర్స్ చదువుతున్నాడు. మాస్టారిని పూడ్చే రోజున అందరికంటే ముందు వచ్చింది అతనే.

నా సంగతి చెప్పాలి. నేను ఇంటర్లో ఎంపీసీ చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఈ రెండేళ్లలో నాకు మాటల పిచ్చి పట్టింది. డిగ్రీలో తెలుగు తీసుకుంటానన్నాను. నాన్న వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్లో పనిచేస్తారు. ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

"తెలుగు చదవడమేంటే? ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నావుగా!"

నా క్లాసులో అందరూ ఇంజనీరింగే. ఒక్కరైనా నా పక్కన నిలబడతారేమోనని చూశాను. స్నేహితురాలు కూడా "జోకా?" అని నవ్వేసింది. చివరికి నాన్నే, "పైన మాస్టారున్నారుగా. ఆయన సరేనంటే నేను అడ్డం రాను" అన్నారు. అలా నా చదువు ఆయన నోటి మాట మీద ఆగింది.

"నాకొచ్చిన తెలుగు ఉత్తరం రాసుకోవడానికి, ప్రార్థనకి సరిపోతుందమ్మా. నీకేం పరీక్ష పెట్టను?" అని చాలాసేపు తల గోక్కున్నారు మాస్టారు. తర్వాత లోపలినుంచి లావుపాటి నిఘంటువు తెచ్చి నా ముందు పెట్టారు. "చదువు. తెలియని మాట దగ్గర ఆగు."

నేను ప్రతి పేజీలోనూ ఆగాను. కాణాచి దగ్గర ఆగాను. తరతరాలుగా తమదైన చోటుకి అంత చిన్న మాట ఉందని నాకు తెలియదు. 'తారట్లాడు' దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేక లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, తారట్లాడటమంటే ఏంటో తెలుసాండీ? ఎటూ తేల్చుకోలేక అక్కడక్కడే తిరగడం. మా నాన్న నా విషయంలో చేస్తున్నది అదేనండీ!"

ఆయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వారు. తర్వాత అడిగారు. "నీకు విసుగు రాలేదు కదూ?"

"లేదండీ."

"అయితే పరీక్ష మొదలే కాలేదమ్మా."

మర్నాడు తెలిసిన తెలుగు పంతులుగారెవరినో ఫోన్లో అడిగి, పద్యాలకు గురులఘువులు గుర్తించి గణాలు విడదీయమన్నారు. ఒకటి కాదు, రెండు కాదు, మధ్యాహ్నమంతా అదే. ఆ రోజు నాకు నిజంగా విసుగొచ్చింది. కళ్లు మూతలు పడ్డాయి. తప్పులు చేశాను. చెమటకి కాగితం మోచేతికి అంటుకుంది. పద్యం అర్థమేమిటో కూడా పట్టించుకోలేదు. మాస్టారు అన్నీ చూస్తూనే దొండకాయలు తరుగుతున్నారు. నేను చెప్పాపెట్టకుండా కిందికి వచ్చేశాను. మర్నాడు ఎవరూ పిలవకుండానే మళ్లీ వెళ్లి మిగిలిన పద్యాలు ముందేసుకున్నాను. అది శుక్రవారం.

నేను కిందికి వచ్చేటప్పుడు ఆయన అన్నది ఒక్కటే. "రేపు సాయంత్రం మీ నాన్నగారితో నేను మాట్లాడతాలే."

ఆ రేపే ట్యాంకు పొర్లిన శనివారం.

కంకిపాడు దగ్గర వాళ్ల సొంతూళ్లో, సమాధుల తోటలో పూడ్చారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కళ్లూ మట్టి వేశారు. వాళ్లలో చాలామంది ఆ వరండాలో కూర్చుని వెళ్లినవాళ్లే. ఒకరు నర్సు, ఒకరు లాయరు, ఒకరు పాలిటెక్నిక్ చదివి సొంతంగా షెడ్డు పెట్టుకున్నారు. "నాకిలా చెప్పారు", "నాకిది వద్దన్నారు" అని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అంతమందిలో ఆయన మాట అందనిదాన్ని నేనొక్కదాన్నే. సరే అనేవారో, వద్దనేవారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఆ ముఖంలో ఏదీ దొరకదు. ఆయన పోయిన దుఃఖంలో ఇది కూడా కలిసిపోయి, దేనికి ఏడుస్తున్నానో చెప్పలేక చెరువు గట్టు దాకా ఒక్కదాన్నే నడిచి వచ్చాను.

ఈ సాయంత్రం నాన్న కొట్టునుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చున్నారు.

"మాస్టారు నీకేం చెప్పారే?"

సరేనన్నారు అంటే అయిపోయేది. ఆయన పేరు మీద నాన్న కాదనరు. కానీ ఆ మనిషి నోట్లో ఆయన అనని మాట పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"ఏమీ చెప్పలేదు నాన్నా."

"మరి పరీక్షో?"

"విసుగొచ్చింది. మధ్యలో లేచి వచ్చేశాను."

నాన్న తల పంకించారు. "అంతేలే."

"మర్నాడు మళ్లీ వెళ్లాను."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. మిగిలినవి చెయ్యాలనిపించింది."

నాన్న తలెత్తి పై వాటా వైపు చూశారు. మేడ మీద ఆంటీ అడుగులు వినపడ్డాయి, అటొకటి ఇటొకటి. తర్వాత చొక్కా గుండీలు విప్పుకుంటూ లేచారు.

"రేపు కొట్టుకెళ్తూ నెట్ సెంటర్ దగ్గర దింపుతాను. డిగ్రీ కాలేజీకి, కోర్సుకి ఆప్షన్లు నువ్వే పెట్టుకో. నేనుంటే మళ్లీ ఏదో ఒకటి అంటాను."

అమ్మ కూడా రానంటోంది, పైన ఆంటీని ఒక్కదాన్నే వదలకూడదని. నెట్ సెంటర్ తొమ్మిదింటికి గాని తీయరు. నాన్న ఎనిమిదిన్నరకే దింపి వెళ్లిపోతారు. రేపు పొద్దున ఆ మూసిన షట్టరు ముందు, సర్టిఫికెట్ల కవరు గుండెకి ఆనించుకుని, తీసేదాకా నేనొక్కదాన్నే నిలబడి ఉంటాను.