హార్లిక్స్ సీసాలో సాలీడు

చిత్తూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే గిరిప్రసాద్‌కు లోకంలోని జబ్బులన్నీ తెలుసు. తండ్రి అయ్యాక అవన్నీ తన కూతురికే వస్తాయని కూడా తెలిసిపోయింది. రెండేళ్ళ నవీన తుమ్మితే పుస్తకం తీసేవాడు. తుమ్మకపోతే, ఎందుకు తుమ్మలేదా అని తీసేవాడు.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, ఎడారి ఇసుకలో బొరియ తవ్వుకుని లోపల పట్టుతో గోడ కట్టుకునే సాలీళ్ళ మీద పెద్ద వ్యాసమే రాశాడు. చూసింది మాత్రం బొమ్మల్లోనే. ఒక ఆదివారం, వంటింటి గోడకని తోలించిన ఏటి ఇసుకలో ఆడుకుంటున్న నవీన కెవ్వుమంది. వేలు ఎర్రగా వాచింది. పక్కనే వేలు పట్టేంత బొరియ, దాని అంచున తెల్లటి పట్టు!

గిరిప్రసాద్ బొరియ ముందు గొంతుక్కూర్చున్నాడు. కరిచిందేదో తెలిస్తేనే కదా మందు తెలిసేది? చీపురుపుల్లతో కెలికి, బయటికొచ్చిన సాలీడును హార్లిక్స్ సీసాలోకి తోశాడు. గాలాడాలని మూతకు బెజ్జాలు పెట్టాడు. కింద ఇసుక పోశాడు. ఎడారి జాతి మా వాకిట్లో దొరికిందే అన్న సంబరం మనసులో ఓ మూల మెదిలింది. సిగ్గుపడి అణచుకున్నాడు.

సీసాకు తువ్వాలు చుట్టి స్కూటర్ ముందుపెట్టెలో సర్దాడు. "రేవతీ, ఎక్కినావా?" అని భార్యను అడిగాడే గాని, జవాబు దాకా ఆగలేదు. "భయపడొద్దు, ఈ జాతికి విషం తక్కువ" అని దారంతా వెనక్కి ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో నర్సు పంకజాక్షి ముందు సీసా పెట్టి, బొరియ మొదలుకుని పట్టు దాకా పాఠం చెప్పేశాడు.

"అదంతా సరే సార్. కరిసింది ఎవురిని?"

"మా పాపను."

"పాప యాడుండాది?"

గిరిప్రసాద్ వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

"పురుగును ఇంత పదిలంగా తెస్తివి, బిడ్డను మరిసొస్తివా నాయనా! చీటీ ఎవురి పేరున రాసేది, దీని పేరునా?"

బెంచీ మీది రోగులంతా నొప్పులు మరచి నవ్వారు. అతనికి మాత్రం వాచిన ఆ చిన్న వేలే కళ్ళముందు కనబడింది. సీసాతో సహా స్కూటర్ దగ్గరికి పరుగెత్తాడు.

ఇంటిముందు మెట్టు మీద నవీన ఆ చేత్తోనే బొరుగులు తింటోంది. వేలికి సున్నం బొట్టు.

"ఎర్రచీమ. గౌనులో ఇంగోటి దొరికింది," అంది రేవతి. "వీధి చివర దాకా కేకలేస్తా నీ వెనకాల ఉరికినా. ఇంతకీ నీ సాలీడు కులాసానా?"

సాలీడును బొరియ దగ్గర వదిలి, పుస్తకం తీసి చూశాడు. ఎడారి జాతీ కాదు, పాడూ కాదు, ఊళ్ళో ప్రతి గట్టునా ఉండేదే.

ఆనాటి నుంచి స్కూటర్ కదిలించే ముందు వెనక్కి చెయ్యి పెట్టి తడిమి చూసుకుంటాడు. రేవతి మాత్రం కింద నిలబడే ఉంటుంది.

"ముందు సీసా ఎక్కిందేమో సూసుకో. తర్వాత మేమెక్కుతాం."