కొండ దిగిన బస్సు

ఆ పేటలో ఆయన్ని అందరూ డ్రైవరు మావయ్య అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక పొద్దు గడవక, టీవీ ముందు కూచుని వార్తలు చదివేవాళ్ళతో పోట్లాడుతుంటే, విదేశంలో నర్సుగా ఉన్న మేనకోడలు ఫోను చేసింది.

"మావయ్యా, పండగ రోజుల్లో మా సేవాసంఘానికి మనుషులు చాలడం లేదు. నువ్వు రా, టికెట్టు నేను తీస్తా. ఆ టీవీకి కూడా కాస్త విశ్రాంతి."

వెళ్ళాడు. తాతల నాడు తోటపనికి ఓడెక్కి పోయిన మనవాళ్ళ పేట అది. కొండవాలున ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డట్టున్న రేకుల ఇళ్ళు, పైన గుడి. తోటలు ఎప్పుడో మూతపడ్డాయి. తెలుగు మాట, ఏడాదికోసారి ఆ పండగ, ఈ రెండే వాళ్ళకి మిగిలాయి.

మొదట్లో బాగానే గడిచింది. బియ్యం బస్తాలు దింపాడు. బడి బల్లలకి రంగు వేశాడు. మందులకొచ్చిన ముసలివాళ్ళని వరసలో కూచోబెట్టి కబుర్లు చెప్పాడు. ఆ తర్వాత బస్సు వచ్చింది.

ఎవరో దాతలు పంపారు. కొత్త రంగు, పాత ఒళ్ళు. దాన్ని పట్నం నుంచి తోలుకొచ్చిన మనిషి తాళంచెవి పేటపెద్ద చేతిలో పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చిన దారినే నడుచుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అతనికి అంత తొందరెందుకని ఎవరూ అడగలేదు.

మర్నాడు ముందు చక్రం పక్కన మట్టి తడిసి నల్లగా కనబడింది. ఆ మర్నాడు ఆ మరక ఇంకాస్త పెద్దదైంది. మావయ్య వంగి వేలితో తాకి వాసన చూశాడు, బ్రేకు ఆయిలు. పేట మెకానిక్కు కూడా చూసి పెదవి విరిచాడు. బ్రేకు రెండుమూడుసార్లు కొడితే గాని పట్టదు, కొత్త సామాను పండగయ్యాక గాని రాదు. ఇందులో దాపరికమేం లేదు. పేటంతటికీ తెలుసు. తెలిసీ, బస్సు నుదుట బొట్టు పెట్టి అద్దానికి పూలదండ వేశారు.

పేటపెద్ద కిరాణా కొట్టాయన. చెడ్డవాడేం కాదు, జనం సంబరపడుతుంటే కాదనలేని మనిషి.

"ముసలీ ముతకా కొండెక్కలేక ఏళ్ళయింది మావయ్యా. ఈసారైనా దేవుణ్ణి చూపిద్దాం. నువ్వు తోలు."

"నా వల్ల కాదండీ. దిగేటప్పుడు ఎవరు ఆపుతారు దాన్ని?"

"సరేలే. మా బామ్మర్ది ట్రాక్టరు తోలతాడు. వాడికే చెప్తా."

అక్కడ దొరికిపోయాడు మావయ్య. రాత్రంతా నిద్రపట్టలేదు. పండగనాడు పొద్దున్నే వచ్చి డ్రైవరు సీట్లో కూచున్నాడు. వెనక సీట్లో మేనకోడలు, ఆమె పక్కన చూపు మందగించిన ఒక మామ్మ. ఆవిడ కొత్త చీర కట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు మురిసిపోతోంది.

ఎక్కడం సాఫీగానే సాగింది. హారతులయ్యాయి, మామ్మ గర్భగుడి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మావయ్య మాత్రం దేవుడి ముందు నిలబడి కూడా దారి మలుపులే తలుచుకుంటున్నాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. గాలి ఆగిపోయింది. "వాన పడకముందే దిగిపోదాం" అని జనం తోసుకుంటూ ఎక్కారు. వచ్చినవాళ్ళకంటే తిరిగి ఎక్కినవాళ్ళే ఎక్కువ.

"కొందరు నడిచి దిగండమ్మా," అన్నాడు. ఎవరూ కదల్లేదు.

ఫస్టు గేరులో వేసి, ఇంజను మూలుగుతుంటే అంగుళం అంగుళంగా దించుకొచ్చాడు. వెనక భజన ఊపందుకుంది. సగం దిగాక ఒక మలుపులో పెడలు మీద కాలు వేస్తే, అది నేలదాకా పోయింది. మళ్ళీ కొట్టాడు. గాలిని తొక్కినట్టుంది. కాలుతున్న వాసన లోపలికి వచ్చింది.

"మావయ్యా, ఏమైంది?" మేనకోడలు ముందుకు వంగింది.

"ఏం లేదమ్మా. మామ్మని గట్టిగా పట్టుకో. వాళ్ళని పాడనీ."

ఒకవైపు లోయ, ఒకవైపు మట్టిగట్టు. బస్సుని గట్టుకి రాయిస్తూ, రేకు చిరుగుతున్న చప్పుడు తాళాల మోతలో కలిసిపోతుంటే, హ్యాండుబ్రేకుని రెండు చేతుల బలమూ ఒక చేతికి తెచ్చుకుని లాగుతూ వచ్చాడు. దారి ఇరుకు కదా, అందుకే రాసుకుంటోంది అనుకున్నారు జనం. కింద బడి దగ్గర గోడ కట్టడానికి పోసిన ఇసుకగుట్టలోకి ఎక్కించాడు. బస్సు ఒక్కసారి ఊగి ఆగింది.

చప్పట్లు కొట్టారు. ఆయన వేళ్ళు స్టీరింగు వదలడానికి మొరాయించాయి. మేనకోడలు ఒక్కొక్కటే విడదీసింది.

పేటపెద్ద అద్దం మీది దండ తీసి ఆయన మెడలో వేశాడు. "చూశారా! బస్సుకేం కాదని నేను ముందే అన్నాను!"

"బ్రేకు లేదండీ. సగం కొండ బ్రేకు లేకుండానే దిగాం."

"బ్రేకు లేకపోతే మనందరం ఇక్కడ నిలబడి ఎలా మాట్లాడుకుంటున్నాం మావయ్యా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పేటపెద్ద గొంతు పెంచి చెప్పాడు. "సోమవారం నుంచి పిల్లల్ని అవతలి పెద్దబడికి ఈ బస్సులోనే పంపుదాం. మా బామ్మర్ది తోలతాడు. మావయ్య ఎలాగూ వెళ్ళిపోతాడుగా."

మళ్ళీ చప్పట్లు. మావయ్యకి కాళ్ళ కింద నేల ఇంకా జారుతున్నట్టే ఉంది.

ఇంటికొచ్చాక మేనకోడలు మెల్లగా అంది. "నువ్వు మరీ బాగా తోలావు మావయ్యా. అదే వచ్చింది చిక్కు."

ఆదివారం పొద్దున ఆయన జాకీ, పానా పట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళాడు. అందరూ చూస్తుండగానే ముందు చక్రం విప్పాడు. బాగు చేస్తున్నాడనుకుని ఇద్దరు చెయ్యి కూడా వేశారు. విప్పిన చక్రాన్ని నిలబెట్టి, బడి వెనక లోయ అంచుదాకా దొర్లించి, వదిలేశాడు.

మొదట నెమ్మదిగా పోయింది. తర్వాత ఒక బండకి తగిలి ఎగిరింది. ఇంకోచోట ఇంకా ఎత్తుకి ఎగిరింది. దారిలో ఒక చెట్టుని విరిచి, కనబడకుండా పోయాక కూడా చాలాసేపు కింద ఎక్కడో కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. గుమ్మాల్లో నిలబడ్డ తల్లులు పిల్లల భుజాలు పట్టుకున్నారు.

పేటపెద్దే ముందు తేరుకున్నాడు. "పెద్దవాడివని ఊరుకుంటున్నా. పేట ఆస్తి పాడు చేశావు. ఇంక ఇక్కడ నీ సాయం మాకక్కర్లేదు."

"అలాగేనండీ," అన్నాడు మావయ్య, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

సాయంత్రానికి సేవాసంఘం వాళ్ళూ వెళ్ళిపొమ్మన్నారు. బయల్దేరేటప్పుడు మామ్మ ఒక్కతే వచ్చి తడుముకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు కనబడదు గానీ నాయనా, ఆ చప్పుడు విన్నాను" అంది.

తన ఊరికి చేరాక కొన్నాళ్ళకి మేనకోడలు ఫోను చేసింది. పేటపెద్ద ఇంకో చక్రం తెప్పించాడు గానీ, తల్లులు పిల్లల్ని ఎక్కనివ్వలేదట. సోమవారాలు ఒక్కొక్కటే గడిచాయి, బస్సు ఊరికే నిలబడి ఉంది. చివరికి పేటపెద్ద విసిగిపోయి అమ్మేశాడట.

"పోనీలే, పీడ వదిలింది," అని ఊపిరి పీల్చుకున్నాడు మావయ్య. వెంటనే అడిగాడు. "ఎవరు కొన్నారు?"

"కొండకి అవతలి వైపు ఇంకో పేట ఉంది మావయ్యా. వాళ్ళు. మళ్ళీ రంగు వేయించారట."

"అక్కడ పిల్లలున్నారా?"

"ఉన్నారు మావయ్యా. వాళ్ళ బడి కూడా దూరమే."

"ఆ పేటలో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడు. ఇప్పుడే చూడు. నేను లైన్లోనే ఉంటా," అన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని, గది మధ్యలో నిలబడే ఉన్నాడు.