వాసన మాత్రమే ఉన్న మిరపకాయలు

సంవత్సరం రెండువేలలోకి మారగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కూలబడతాయన్న భయంతో మా ఆయన్ని గుంటూరు నుంచి సిడ్నీకి పిలిపించారు. ఒక్కటీ కూలబడలేదు. అన్నీ బతికి బట్టకట్టాయి. మా ఇంటి మనిషి నాలుక పక్కన మాత్రం ఒక పుండు లేచి, మానకుండా కూర్చుంది. వేళకు తిండీ నిద్రా లేక వేడి చేసిందనుకుని సబ్జాగింజలు నానబెట్టి తాగించాను. వేడి కాదది. ముక్క తీసి పరీక్షకు పంపాక డాక్టరు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి కేన్సరన్నాడు, రేడియేషన్ వెంటనే మొదలుపెట్టాలన్నాడు.

కొన్ని వారాలకే నోరంతా పొక్కిపోయింది. ఉప్పు తగిలితే మంట, పులుపు తగిలితే మంట, చివరికి గోరువెచ్చని అన్నమూ మంటే. కారం మాట ఎత్తొద్దన్నారు. పైగా రుచి చచ్చిపోయింది, ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందనేవారు. ఆసుపత్రివాళ్లిచ్చిన డబ్బా పాలు గొంతు దిగకముందే తిరిగొచ్చేవి. ప్రతి సోమవారం బరువు చూసేవాళ్లు, ప్రతి సోమవారం తగ్గేది. చివరికి డైటీషియన్ అమ్మాయి మెల్లగా చెప్పింది: ఇలాగే తగ్గితే పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెడతాం, ఇక ఆహారం అందులోంచే పోస్తాం అని.

ఇంటికొచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "గొట్టం పెట్టనివ్వకే. అది పెట్టాక నేనింక నోటితో తినను. నాకు తెలుసు" అన్నారు. మిరప కల్లాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. పచ్చిమిర్చి నంజుకోకపోతే పెరుగన్నం కూడా ముట్టని మనిషి. ఆయనకు ఆ గొట్టమంటే ఎంత భయమో ఆ వీపు చూస్తేనే తెలిసింది.

నాకు పిచ్చెక్కినట్టయింది. హారిస్ పార్క్‌లో మనవాళ్ల కొట్లన్నీ తిరిగాను. సొరకాయ, పొట్లకాయ, పెసరకట్టు, రాగిజావ. ఏది ముందు పెట్టినా ఒక చెంచా, అంతే. క్యాప్సికమ్ మగ్గించి పెడితే వాసన చూసి, నీళ్లకాయ అని మొహం తిప్పేశారు. దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కి, కాసేపయ్యాక తిట్టాను కూడా.

కింది ఫ్లాట్‌లో ట్రినిడాడ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఉండేది, ఆంటీ అని పిలిచేదాన్ని. వెస్టిండీస్ అంటే మనకు క్రికెట్ తప్ప ఏం తెలుసు! ఆవిడ పెరట్లో కుండీల నిండా మిరపమొక్కలు. కాయలు ముడతలు పడి, చిన్నపిల్లల ఉన్ని టోపీల్లా ఉండేవి. ఒకరోజు బట్టలారేస్తూ నేను ఏడుస్తుంటే చూసి దగ్గరికొచ్చింది. కథంతా విని, ఒక పండుకాయ తుంచి, విరిచి, నా ముక్కు కింద పెట్టింది. అమ్మో, ఆ వాసన! మామిడిపళ్లూ పచ్చిమిర్చీ ఒకే బుట్టలో మాగేసి మూత తీసినట్టుంది. ఇందులో కారం ఉండదు, మా దీవుల్లో వీటిని వాసన కోసమే కూరల్లో వేసుకుంటాం అంది.

కానీ ఒక తిరకాసుంది. అదే ఆకారంలో, అదే రంగులో నిప్పులాంటి రకం ఇంకొకటుంది. అదీ ఆవిడ కుండీల్లోనే ఉంది. రెండు రకాలనూ పక్కపక్కన పెంచి, వాటి గింజలే దాచి మళ్లీ మళ్లీ వేసుకోవడంతో, కమ్మని మొక్కల్లో కొన్నిటికి రెండోదాని గుణం అంటుకుంది. అందుకని కాయకాయా చూసుకోవాలంది. తొడిమ పచ్చగా, తోలు బిగువుగా మెరుస్తున్నవి కోయాలి. కోసి, లోపలి తెల్లటి ఈనె దగ్గర నాలుక ఆనించాలి. కొసన చూస్తే లాభం లేదట, అక్కడ ఏ కాయా నిజం చెప్పదట. తరవాత ఈనె, గింజలు గీకిపారేయాలి.

చెప్పినట్టే చేశాను. అన్నిటికీ నాలుక ఆనించాను. కారమన్న ఊసే లేదు. నెయ్యిలో సన్నసెగ మీద మగ్గించి, ఉడికిన పెసరపప్పుతో కలిపి మెత్తగా నూరి, అన్నంలో జారుగా కలిపి పట్టుకెళ్లాను. ఆ వాసనకే ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. అనుమానంగా నావైపు చూశారు.

"కారం లేదు, తినండి" అన్నాను.

ముద్ద నోట్లో పెట్టుకున్న మనిషి దిగ్గున లేచి బాత్‌రూమ్‌లోకి పరిగెత్తారు. కుళాయి కింద నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఆ తరవాత నీళ్లకు తప్ప పెదవి విప్పలేదు.

ఆ గిన్నె పట్టుకుని కిందికి దిగి ఆంటీ మీద విరుచుకుపడ్డాను. కారం లేదన్నావు, మనిషిని చంపేశావు అని నోటికొచ్చినట్టు అనేశాను. ఆవిడ వేలితో కాస్త తీసి నాలుకకు రాసుకుని, ఇందులో కారముంది, కొంచెమే కానీ ఉంది అంది. నాకు తెలియలేదే అన్నాను. పొద్దున ఏం తిన్నావని అడిగింది. ఇడ్లీలో కారప్పొడి, పక్కన ఆవకాయ. నిన్న? గోంగూరలో పచ్చిమిర్చి. ఆవిడ నా భుజం మీద చెయ్యివేసి, నీ నాలుకకు చెవుడమ్మా, గట్టిగా అరిస్తేనే దానికి వినబడుతుంది అంది.

నిజమే కదా. ఆ మాత్రం కారాన్ని కారమని మా గుంటూరులో ఎవరొప్పుకుంటారు? పోనీ ఆంటీనే చూసిపెట్టమందామంటే, చలి మొదలైందని కూతురొచ్చి ఆవిణ్ణి వెచ్చగా ఉండే బ్రిస్బేన్ తీసుకుపోయింది. పోతూ పోతూ కుండీలు నాకప్పగించింది.

ఆవకాయ జాడీ, కారం డబ్బా, ఎండుమిర్చి, అన్నీ మూటగట్టి పై ఫ్లాట్‌లో ఉండే బ్యాచిలర్లకిచ్చేశాను. వాళ్లు పండగ చేసుకున్నారు. నేను ఆయన తినే తిండే తిన్నాను. మిరియం ముట్టలేదు, అల్లం ముట్టలేదు. రెండు పూటలకే ఏడుపొచ్చింది. ఇదేం తిండి, ఇది తిని బతకడం ఎందుకు అనిపించింది. వెంటనే చెంపలేసుకున్నాను. ఈలోపు సోమవారం వచ్చింది, బరువు ఇంకా తగ్గింది. గొట్టానికి రోజు ఖాయం చేస్తామన్నారు. డైటీషియన్ చేతులు పట్టుకుని, ఒక్క వారం ఆగమ్మా అని బతిమాలాను. ఆమె తలదించుకుని సరేనంది.

ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే పేస్టు నాలుకకు చురుక్కుమంది. రోజూ వాడే పేస్టే. అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వాను, చాలా రోజుల తరవాత. నోరు కడుక్కుని, కాసేపాగి, కుండీల దగ్గరికి వెళ్లాను. మొదటి మొక్క కాయ సన్నగా పొడిచింది. దాని పక్కదీ అంతే. గోడవారన ఉన్న మొక్క కాయ మాత్రం ఎంతసేపు నాలుక ఆనించినా కమ్మగా ఉండిపోయింది. దాని కొమ్మకు పసుపుదారం కట్టాను.

మళ్లీ అలాగే వండి తీసుకెళితే ఆయన గిన్నె చేత్తో నెట్టేశారు. మా ఇళ్లలో మొగుడికి పెట్టేది ఎంగిలి చేయడం మహాపరాధం. ఆయన కళ్లముందే ఆ ముద్దలో సగం నా నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీదే ఉంచుకుని కూర్చున్నాను. ఆయన గిన్నె వైపు చూడలేదు, నా కళ్లలోకి చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడు నోరు తెరిచారు. మిగతా సగం పెట్టాను.

"మిరపకాయే" అన్నారు, మింగాక. ఇంకో ముద్దకు నోరు తెరిచారు.

సోమవారం బరువు తగ్గలేదు. నర్సు నమ్మకం కుదరక మళ్లీ ఎక్కించి చూసింది. తగ్గలేదు. గొట్టం మాట వాయిదా పడింది, ఆ తరవాతి వారమూ పడింది. రేడియేషన్ అయిపోయేదాకా ఆ పసుపుదారం మొక్కే మమ్మల్ని గట్టెక్కించింది.

మరుసటి ఏడు, హారిస్ పార్క్‌లో తెలిసినవాళ్లింట్లో భోజనానికి పిలిచారు. మా ఇంట్లోకి అప్పటికింకా కారం రాలేదు. గోంగూర కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నానో లేదో నాలుక భగ్గుమంది, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. గ్లాసు కోసం తడుముకుంటుంటే, పక్కన కూర్చున్న ఆయన నా ప్లేటులోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నారు. ఆపేలోపే నమిలారు. మింగారు. ఇంకో ముద్ద తీసుకున్నారు.

"కారమెక్కడుందే ఇందులో?" అన్నారు, ఎర్రబడ్డ ముక్కు తుడుచుకుంటూనే.

అంతే, భోరుమన్నాను. పాపం కారం తగిలిందని అక్కడున్న ఆడవాళ్లందరూ మంచినీళ్లు, చక్కెర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గుప్పెడు చక్కెర నా నోట్లో పోశారు. కారానికి కాదని చెబుదామంటే నోటి నిండా చక్కెరే.